ఉన్నికి మైల లేదు

జబ్బు పడి లేచిన మనిషికి మంచితనం అబ్బుతుందంటారు. నాకు అబ్బలేదు. నాకొచ్చింది టీబీ. తగ్గింది, తగ్గిందని డాక్టరు రాసి కూడా ఇచ్చాడు. కోపం మాత్రం తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. ఏ ఇంట్లోనైనా ఇప్పుడు ఒక ఆడమనిషి వెనక వరండాలో, విడిగా పెట్టిన కంచం ముందు కూర్చుని ఉంటే ఆమె చదవాలని నా కోరిక. ఆ కంచం విడిగా పెట్టినవాళ్లు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

మాది రాయపూరు. కొత్త రాష్ట్రం వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. మావారు రైల్వేలో గూడ్సు గార్డు. మామగారూ రైల్వేలోనే చేసి, ఇక్కడే పోయారు. విజయనగరం నుంచి వచ్చి రెండు తరాలైనా మా అత్తగారు ఆ ఊరి మడీ ఆచారం చెక్కు చెదరకుండా ఇక్కడికి మోసుకొచ్చింది. గేటు బయట అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. గేటు లోపల ఆవిడ రాజ్యం. ఆ రాజ్యంలో ఆవిడ, మేమిద్దరం, ఐదేళ్ల మా లల్లి.

నవంబరు

దసరా నుంచి దగ్గుతున్నాను. బియ్యం మిల్లుల దుమ్మన్నారు, చలిగాలన్నారు. మిరియాల కషాయం తాగీ తాగీ నాలుక మండిపోయింది. ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే ఉమ్ములో ఎర్రటి జీర కనబడింది. అప్పటికి గానీ మావారు సెలవు పెట్టలేదు.

ఆస్పత్రిలో బెంచీ మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. లోపలికి వెళ్లి, ఆ మాట విని, మళ్లీ మందుల చీటీ కోసం అదే బెంచీ మీదికి వచ్చేసరికి ఆయన నాకూ ఆయనకీ మధ్య సంచీ పెట్టారు. కావాలని పెట్టారో, చెయ్యి నొప్పెట్టి పెట్టారో నేను అడగలేదు. ఆ సంచీ మాత్రం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అందులో ఉన్నది నా చీరే, చలికి కప్పుకోడానికి తెచ్చుకున్న పాత చీర.

ఇంటికొచ్చేసరికి నా మంచం వెనక రేకుల వరండాలోకి వెళ్లిపోయింది. మావారు ఫోన్లో చెప్పిన మాటకి అత్తగారు పక్కింటాయన్ని పిలిచి మోయించేసింది. ఒక సత్తు కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు నావి. లల్లి మంచం ఆవిడ గదిలోకి చేరింది.

దీనికి నేను ఆవిడని తప్పు పట్టను. మొదట్లో పిల్లని దూరంగా పెట్టమని, నోటికి గుడ్డ కట్టుకోమని డాక్టరే చెప్పాడు. లల్లికి పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. బతికాం అనుకున్నాను. నా కోపం ఆ మొదటి వారాల మీద కాదు, తరవాతి నెలల మీద.

కాలనీలో మాత్రం అత్తగారు నాకు కామెర్లని చెప్పింది. ఇంటిగుట్టు బయటపడకూడదుగా. పాపం, ఎదురు క్వార్టరు తెలుగావిడ దాన్ని నమ్మి నేల ఉసిరి పసరు తీయించి పంపింది. వాకిట్లో నిలబడి, నేను తాగేదాకా కదలలేదు. టీబీ మాత్రలతో కడుపులో తిప్పేస్తుంటే, అత్తగారి అబద్ధం కోసం నేను చేదు పసరు గుటకలేశాను. "కళ్లు కొంచెం తేటపడ్డాయి కదూ" అంది ఆ ఇల్లాలు. తేటపడ్డాయి అన్నాను.

డిసెంబరు

రోజు విడిచి రోజు మందుల కేంద్రానికి వెళ్లి, వాళ్ల ఎదురుగానే మాత్రలు మింగాలి. గుప్పెడు మాత్రలు. మొదటిసారి మింగిన సాయంత్రం మూత్రం ఎర్రగా వస్తే నెత్తురనుకుని గోడ పట్టుకుని కూర్చున్నాను. అది మందు రంగని నాకెవరూ ముందు చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను, భయపడకండి.

అక్కడి బెంచీ మీద శశి దీదీ పరిచయమైంది. ఊరు ఆరంగ్. శంకర్ నగర్‌లో ఏదో ఆఫీసులో టైపు చేసేది. నాకంటే ముందు మొదలెట్టి, అప్పటికి సగం దారి దాటేసింది. ఆ బెంచీ మీద అందరం మొహాలు దాచుకుని కూర్చుంటే, ఆవిడ ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని, కొక్కెం సూదితో అల్లుకుంటూ ఉండేది. ఒకరోజు నా నీళ్ల సీసా అడక్కుండా తీసుకుని గడగడా తాగి మూత పెట్టి ఇచ్చింది. నేను బిత్తరపోయి చూశాను.

"క్యా హువా? తుమ్హారీ హై తో క్యా, మేరీ భీ తో వహీ బీమారీ హై" అంది. నీకున్నదే నాకూ ఉంది, ఇంక అంటేదేముంది అని. ఇంట్లో నా గ్లాసుని అత్తగారు పుల్లతో జరుపుతున్న రోజులవి. కేంద్రం వెనక్కి వెళ్లి ఏడ్చి వచ్చాను.

"ఖాలీ బైఠోగీ తో దిమాగ్ ఖరాబ్ హోగా", ఊరికే కూర్చుంటే బుర్ర పాడవుతుందని ఆవిడే ఒక సూదీ, దారమూ చేతిలో పెట్టింది. నాకు లేసు అల్లడం చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది. గొలుసు, గొలుసు మీద పొడుగు కుట్లు. ఆ కుట్లని దీదీ ఖంబాలనేది, అంటే స్తంభాలు. చేతులకి గుర్తుంది గానీ నా కుట్టు బిగిసిపోయేది. రెండు వరసలయ్యేసరికి చేప పొలుసులా గట్టిగా తయారయ్యేది.

"ఎవరి మీద కోపం?" అంది దీదీ హిందీలో, నా అల్లిక లాగి చూసి.

"అందరి మీదా."

"అయితే లావు సూది తీసుకో. కోపం తగ్గేదాకా అల్లిక ఆగదుగా."

అలా లావు సూదీ, సన్న దారం పట్టుకున్నాను. కుట్లు వదులుగా, మధ్యలో కిటికీలు వదిలినట్టు వచ్చాయి. తేలిగ్గా, గాలి ఆడేలా ఉంది. లల్లికి కప్పుదామనిపించింది.

జనవరి

అప్పటికి లల్లి నాకు దూరమైపోయింది. మనిషి అక్కడే ఉంది, వంటింటి గడప దగ్గర. నేను వరండా మెట్టు మీద. మధ్యలో ఉన్నది పెరటి ముక్క. మొదట్లో "అమ్మా, ఎప్పుడొస్తావు" అనేది. తరవాత తరవాత నేను దగ్గితే గౌను పైకెత్తి మూతి కప్పుకునేది. ఒకరోజు బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. నేను తీసి విసిరాను. అది పట్టుకోలేదు. కింద పడనిచ్చి, పంపు దగ్గరికి కాలితో తన్నుకుంటూ వెళ్లి, కడిగి తీసుకుంది. ఐదేళ్ల పిల్ల.

చావు భయం నాకు ఆస్పత్రిలో లేదు. ఆ పంపు నీళ్ల చప్పుడుకి వచ్చింది. నా పిల్లకి నేనంటే అసహ్యం నేర్పుతున్నారు, నేను బతికి ఏం లాభం అనిపించింది. అప్పటినుంచి నాకు కావలసింది ఒక్కటే. లల్లి మళ్లీ నా ఒళ్లోకి రావాలి.

తెల్ల నూలు దారంతో కప్పుడుగుడ్డ పూర్తి చేశాను. భుజాల మీద వేస్తే శాలువా, మెడ దగ్గర బొత్తాం పెడితే పోంచో అనే చేతుల్లేని పైతొడుగు. రాయపూరు చలి పొద్దుటిపూటేగా, బడికి వేసుకెళ్లి ఎండెక్కాక సంచీలో పెట్టేసుకోవచ్చు. మావారి చేతికిచ్చి లల్లికి వెయ్యమన్నాను.

మర్నాడు పెరట్లో పొయ్యి మీద పెద్ద గిన్నె మసులుతోంది. అందులో నా అల్లిక, డెట్టాలు వాసన. అత్తగారు కర్రతో తిప్పుతోంది.

"ఏం చేస్తున్నారండీ?"

"కనబడటం లేదూ? నూలు కదమ్మాయ్, మైల ఇట్టే పీల్చుకుంటుంది. నీ ఒళ్లో నెల్రోజులు ఉన్నదాన్ని పిల్ల ఒంటి మీద ఎలా వేస్తాననుకున్నావు? అదే ఉన్నయితే వేరు. ఉన్నికీ పట్టుకీ మైల లేదు."

ఆవిడ ఒంటి మీద ధావళి ఉంది. మడి వంటకి కట్టుకునే ఉన్నిబట్ట. ఎవరు తగిలినా, ఎవరు ముట్టినా దానికి ఏమీ కాదు. మామూలు చీరయితే మళ్లీ తడిపి ఆరేసుకోవాలి. నా పెళ్లినాటి నుంచి చూస్తున్న విషయమే గానీ, ఆ రోజు మొదటిసారి చెవికెక్కింది.

గిన్నెలోంచి తీసేసరికి అది ముడుచుకుని చేటంతే అయింది. రెండ్రోజులు తీగ మీద ఆరింది. తరవాత దానితో సైకిల్ తుడిచారు. ఎవరని అడగను, నేను కాక ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్లున్నారు.

ఫిబ్రవరి

రెండు నెలల మందు అయ్యాక మళ్లీ పరీక్ష చేశారు. కఫంలో ఏమీ లేదు. "ఇక మీ వల్ల ఎవరికీ రాదు. మందు మాత్రం ఆపకండి. పాపని దగ్గరికి తీసుకోండి" అన్నాడు డాక్టరు. మావారు పక్కనే ఉన్నారు, తల కూడా ఊపారు. ఆటోలో వస్తూ నేను పాట ఒకటి కూనిరాగం తీశాను. నెలల తరవాత.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "డాక్టర్లు అలాగే అంటారు. కోర్సు పూర్తయ్యాక చూద్దాం" అంది. నేను మావారి వైపు చూశాను.

"అమ్మ చెప్పేది కూడా... కొన్నాళ్లేగా సుభద్రా" అన్నారాయన.

"మీరు విన్నారుగా, ఆయన ఏమన్నాడో."

"విన్నాను."

"మరి చెప్పండి."

ఆయన డ్యూటీ డబ్బా సర్దుకోవడం మొదలెట్టారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం, అదీ ఆయన బాధ. అయితే ఆ కప్ప నేనే కదా. ఆయన బాధని నేనెందుకు మొయ్యాలి?

ఆ సాయంత్రం గడప అవతలే నిలబడి అత్తగారు ఒక మాట చెప్పింది. "మా చెల్లెలు సావిత్రి దీంతోనే పోయింది. పదహారేళ్లది. దాని పక్కనే పడుకునేదాన్ని. మా అమ్మ నన్ను లాగేసి తలుపేసింది. అందుకే మిగిలాను."

మీరు ఇక్కడ నా మనసు కరిగిందని రాస్తాననుకుంటారేమో. కారణం తెలిసింది, అంతే. ఆ తలుపు లోపల సావిత్రి ఏమనుకుంటూ పోయిందో ఈవిడ ఒక్కసారి కూడా ఆలోచించలేదే అని ఇంకా మండింది. అప్పట్లో మందు లేదు. ఇప్పుడుంది, నేను మింగుతున్నాను. అదే అన్నాను. ఆవిడ లోపలికెళ్లిపోయింది.

మార్చి

ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. ఉన్నికి మైల లేదన్నావు కదా, సరే.

ఎండలు ముదురుతుంటే రాయపూరు బజారులో ఉన్ని ఎవడమ్ముతాడు? దుకాణాలవాళ్లు మూటలు కట్టి అటకెక్కించేశారు. ఒకతను నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి శశి దీదీయే ఇంట్లో మిగిలిన ఉండలు తెచ్చిచ్చింది. పసిపిల్లల స్వెట్టర్లకి వాడే సన్నపు ఉన్ని. పసుపు కొంచెం, నీలం కొంచెం, మధ్యలో ఎటూగాని గులాబీ.

"గర్మీ మే ఊన్?" అని, ఎండాకాలంలో ఉన్ని ఏమిటని నవ్వింది. సంగతి చెప్పాను. నవ్వడం ఆపి, "దో టుకడే బనావో, బస్" అంది.

నిజంగానే అంతే. రెండు పొడుగాటి ముక్కలు అల్లాలి, సమానంగా. ఒకదాని పొట్టి అంచుని రెండోదాని పొడుగు అంచుకి కుట్టాలి, రెండోదాని పొట్టి అంచుని మొదటిదాని పొడుగు అంచుకి. మధ్యలో తల పట్టేంత సందు దానంతటదే వస్తుంది. ముందుకి తిప్పుకుంటే కోసుగా దిగుతుంది, పక్కకి తిప్పుకుంటే ఒక భుజం మీదుగా పమిటలా పడుతుంది. కత్తిరింపుల్లేవు, కొలతల గొడవ లేదు. చేతకానివాళ్లూ చెయ్యొచ్చు. గొలుసు మాత్రం వదులుగా వెయ్యండి, లేదంటే తల పట్టదు. నాకు మొదటిసారి పట్టలేదు. విప్పేసి మళ్లీ అల్లాను. అల్లికలో నాకు నచ్చిన గుణం అదొక్కటే, కొస పట్టుకుని లాగితే తప్పంతా ఊడిపోతుంది, దారం మిగులుతుంది.

ఉగాది పొద్దున్న తలంటుకుని, ఆ పోంచో తొడుక్కుని, వంటింటి గడప దాటాను. అత్తగారు ధావళి కట్టుకుని మామిడికాయ తరుగుతోంది. పీట మీద నుంచి సగం లేచింది.

"ఎక్కడికి? ఆగక్కడ."

"ఉన్నండీ అత్తయ్యగారూ."

"ఏవిటీ?"

"నా ఒంటి మీదున్నది. మీది ఉన్ని, నాది ఉన్ని. మైల లేదన్నారుగా. వేపపువ్వు ఎక్కడ పెట్టారు?"

ఆవిడ నా వైపు, పోంచో వైపు చూసింది. పట్టుకుని లాగి వేలితో నలిపి కూడా చూసింది, నిజంగా ఉన్నేనా కాదా అని. నెలల తరవాత ఆవిడ చెయ్యి నాకు తగలడం అదే. కాదనలేదు. కాదంటే తన ధావళినీ కాదనాలి, నలభై ఏళ్ల వంటనీ కాదనాలి. "చింతపండు నానేశాను, పిసుకు" అంది చివరికి. ఆ పచ్చడి నేనే కలిపాను. మావారు రెండుసార్లు వేయించుకుని తిన్నారు. ఆయన్ని అప్పుడు చూడాలి, తానే గెలిచినట్టు.

ఏప్రిల్

గెలిచాననుకున్నాను. లల్లి వచ్చింది. నిజమే, వచ్చింది. వచ్చే ముందు గడప దగ్గర ఆగి, "అమ్మా, ఉన్నిది వేసుకున్నావా?" అని అడిగేది. వేసుకున్నానంటే వచ్చి ఒళ్లో కూర్చునేది. బుగ్గ పోంచోకి ఆనించేది. నా చెయ్యి బయటికొస్తే దాన్ని మళ్లీ అంచు కిందికి తోసేసేది. ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసుకునేది.

"మొహానికి ఉన్ని లేదుగా" అంది ఒకరోజు, చాలా మామూలుగా.

అత్తగారి మాటతో అత్తగారిని కొట్టాననుకుంటే, ఆ మాటే నిజమని నా పిల్లకి నేనే రుజువు చేసి చూపించాను. ఉన్నికి మైల లేదంటే, అమ్మకి ఉందని. పిల్లలు మనకంటే తిన్నగా ఆలోచిస్తారు. డాక్టరు మాట చెప్పాను, మందు మాట చెప్పాను. "మామ్మ కాదంది" అనేది. మామ్మ మాట కొట్టెయ్యడానికి నా దగ్గర అల్లిక లేదు.

దీదీకి చెబుదామంటే ఆవిడ కోర్సు అయిపోయింది, కేంద్రానికి రావడం మానేసింది. బెంచీ మీద కొత్త మొహాలు. నా పక్కన ఒక కాలేజీ పిల్ల చున్నీతో మొహం కప్పుకుని కూర్చునేది. ఒకరోజు నా సీసా మూత తీసి తన చేతిలో పెట్టాను. తాగింది.

మే

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలరు ఆగిపోయింది, గదిలోంచి సెగ కొడుతోంది. మావారు డ్యూటీలో ఉన్నారు. నేను వరండాలో తడి గచ్చు మీద పడుకున్నాను. లల్లి ఊపిరాడక నిద్రలోంచి లేచి, ఏడుపు మొహంతో వచ్చింది. మెట్టు దగ్గర ఆగింది.

"ఉన్నిది వేసుకో."

"ఈ ఎండలోనా?"

"వేసుకో అమ్మా."

తొడుక్కున్నాను. వచ్చి ఒళ్లో పడింది. నిమిషం కాలేదు, మెలికలు తిరగడం మొదలెట్టింది. చెమటకి ఉన్ని తడిసి బుగ్గకి అంటుకుపోయింది. గోక్కుంది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఈసారి నేనేం చెప్పదలుచుకోలేదు. నేను చెప్పి తెచ్చుకున్నది చాలు.

"గుచ్చుకుంటోంది, తీసెయ్" అంది.

"తీస్తే ఉన్ని ఉండదుగా."

ఆలోచించింది. ఐదేళ్ల మొహంలో అంత ఆలోచన నేనెప్పుడూ చూడలేదు. నుదుటి మీది చెమట ముక్కు మీదికి జారుతోంది. తరవాత లేచి నిలబడి, పోంచో అంచు రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. నా తల ఇరుక్కుంది. "తల వంచు, తల వంచు" అని కసిరింది. వంచాను. లాగి గచ్చు మీద పారేసి, తడిసిన జాకెట్టుతో ఉన్న నా మీద బోర్లా పడింది. చెమట బుగ్గ తెచ్చి నా మెడకి ఆనించింది. ఊపిరి తగులుతోంది, వేడిగా. నేను చేతులు వెయ్యడానికి భయపడ్డాను. తరవాత వేశాను.

కళ్లెత్తితే గడపలో అత్తగారు. ఎంతసేపటి నుంచి నిలబడిందో. ఏదైనా అంటే అనిపించుకోవడానికి నేను సిద్ధంగా లేను, అనడానికే సిద్ధంగా ఉన్నాను. ఆరు నెలల మాటలు నాలుక చివర ఉన్నాయి. ఆవిడ లోపలికెళ్లి విసనకర్ర తెచ్చింది. మెట్టు మీద చతికిలబడి, "పిల్లకి ఉడుకుతోంది" అని ఎవరితోనో అన్నట్టు అని, విసరడం మొదలెట్టింది.

మనవరాలికే విసిరింది. అయినా మేమిద్దరం అతుక్కుని ఉన్నాం కాబట్టి ఆ గాలి నాకూ తగిలింది. తగలకుండా విసరడం ఆవిడకి చాతకాలేదు. నేను మంచి మాట ఒక్కటీ అనలేదు, ఈ రోజుకీ అనలేదు. చెయ్యి నొప్పెట్టి ఆవిడ రెండో చేతిలోకి మార్చుకుంది. లల్లికి నిద్ర పట్టేసింది, నోరు తెరుచుకుని, నా మెడ మీదే.